నీళ్లెక్కువైన దీవి!

ఓ ఆటకి మార్కులేయాల్సి వస్తే బొమ్మలు బాగాలేవనో, కథ సాగదీశారనో తగ్గిస్తారు. నీళ్లు మరీ ఎక్కువయ్యాయని తగ్గించడం ఎక్కడైనా విన్నారా? 2014లో అదే జరిగింది. పోకెమాన్ ఒమేగా రూబీ, ఆల్ఫా సఫైర్ అనే జంట వీడియో గేములకు ఐజీఎన్ అనే పేరున్న సమీక్షల సంస్థ పదికి 7.8 మార్కులు వేసి, లోపాల జాబితాలో నీళ్ల సంగతినీ చేర్చింది. అంతే... దేశదేశాల ఆటగాళ్లు ఆ మాట పట్టుకుని ఏళ్ల తరబడి నవ్వుకున్నారు, కోప్పడ్డారు, వాదించుకున్నారు. ఇంతకీ ఆ నీళ్లు ఎవరో ఊహించి పోసినవి కావు. జపాన్‌కి దక్షిణాన ఉన్న క్యూషు దీవి, దాని చుట్టూ ఉన్న సముద్రం... ఆ ఆటకి అసలు చిరునామా అదే!

పికాచు తెలియని పిల్లలు మన ఇళ్లలోనూ తక్కువే. టీవీలో కార్టూన్‌గా చూసిన పోకెమాన్ నిజానికి ముందు ఆటగా పుట్టింది. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో మొదటి జంట వచ్చింది. టోక్యో శివార్లలోని మాచిదాలో చిన్నప్పుడు పురుగుల్ని పట్టి పెంచుకున్న సతోషి తజిరి, ఆ సరదానే ఆటగా మార్చాడు. గడ్డిలో, గుహల్లో, నీళ్లలో వింత జీవాలుంటాయి. వాటిని పట్టుకోవాలి, పెంచాలి, పందేల్లో దింపాలి, తోటివాళ్లతో మార్చుకోవాలి. తూనీగ తోకకి దారం కట్టి ఆడుకున్న తరానికి ఈ సరదా గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

మొదటి ఆటలోని లోకానికి టోక్యో చుట్టుపక్కల ప్రాంతం ఆధారం. రెండో ఆటకి ఒసాకా, క్యోటోల వైపు. మూడోసారి, 2002 నవంబరు 21న వచ్చిన రూబీ, సఫైర్ ఆటల కోసం దర్శకుడు జునిచి మసుదా బాగా దక్షిణానికి వెళ్లాడు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో తాతగారింటికి వెళ్లిన క్యూషు దీవిని తీసుకుని, దానికి హోయెన్ అని పేరుపెట్టాడు. ఆట మొదలవడమే సామాన్లతో పాటు లారీ వెనక కూర్చుని కొత్త ఊళ్లో దిగడంతో మొదలవుతుంది.

పటం తిప్పి చూడండి!

క్యూషు పటాన్ని ఎడమకు పావువంతు తిప్పితే హోయెన్ కనిపిస్తుంది. అలా తిప్పేసరికి దక్షిణపు సముద్రం తూర్పుకి వచ్చి, ఆటలో సగం నీళ్లయిపోయింది. మధ్యలో పొగలు కక్కే కొండ. దాని స్థానం చూస్తే కుమమోతో వైపున్న ఆసో అగ్నిపర్వతం అనిపిస్తుంది. ఆటలో ఆ కొండెక్కడానికి తీగబండి ఉంటుంది, ఆసోకి కూడా ఒకప్పుడు ఉండేది. 2016 భూకంపం తర్వాత అది తిరగలేదు. కానీ కొండపక్క దారిలో రాలే బూడిదను చూస్తే మాత్రం గుర్తొచ్చేది ఆసో కాదు, సకురాజిమా!

కగోషిమా నగరం రేవులో నిలబడితే ఎదురుగా, సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది సకురాజిమా. ఎత్తు 1,117 మీటర్లు. పడవలో పదిహేను నిమిషాలు. ఆ కాస్త సమయంలోనే వేడివేడి ఉడాన్ నూడుల్స్ గిన్నె ఖాళీచేసేయడం ఇక్కడివాళ్లకి అలవాటు. కొండ ఊరికే అందం కోసం ఉన్నది కాదు... ఊపిరి తీసుకున్నంత మామూలుగా బూడిద చిమ్ముతుంటుంది. వడియాలు ఎండబెట్టేముందు మనవాళ్లు ఆకాశంకేసి చూసినట్టు, కగోషిమా ఇల్లాళ్లు బట్టలు ఆరేసేముందు కొండమీద గాలి ఎటు వీస్తోందో చూస్తారు. టీవీలో వాతావరణ వార్తల్లో ఆ సంగతి విడిగా చెబుతారు. ఇంటిముందు ఊడ్చిన బూడిదను ఎత్తడానికి నగరపాలక సంస్థ పసుపురంగు సంచులిస్తుంది. కొండకిందే ఉండే పిల్లలు బడికి హెల్మెట్ పెట్టుకుని వెళ్తారు. అంత బూడిదలోనే ప్రపంచంలోకెల్లా పెద్ద ముల్లంగి పండుతుంది, పక్కనే చిట్టి చిట్టి కమలాలూ కాస్తాయి!

ఆటలో నూటపదమూడో నంబరు దారి సరిగ్గా ఇలాగే ఉంటుంది. మంచులా బూడిద రాలుతుంటుంది, గడ్డంతా తెల్లబడి ఉంటుంది. నడుస్తుంటే ఆ బూడిద సంచిలో చేరుతుంది. దాన్ని తీసుకెళ్లి గాజు పనివాడికిస్తే కరిగించి పిల్లనగ్రోవి చేసిస్తాడు. కగోషిమా కూడా గాజు పనికి పేరున్న ఊరే. సత్సుమా కిరికో అనే చెక్కుడు గాజు ఇక్కడిదే... పందొమ్మిదో శతాబ్దంలో పుట్టి, మధ్యలో ఆగిపోయి, 1985లో మళ్లీ ప్రాణం పోసుకుంది.

నేల గెలిచిన రోజు

రూబీ, సఫైర్ ఆటల్లో దుండగుల ముఠాలు రెండు. ఒకరికి నేల పెరగాలి, మరొకరికి సముద్రం పెరగాలి. అందుకోసం ఒకరు గ్రౌడాన్ అనే భూమి జంతువునీ, ఇంకొకరు కయోగర్ అనే సముద్ర జంతువునీ నిద్రలేపుతారు. ఆ లెక్కన నీళ్లెక్కువన్న సమీక్షకులు ఏ ముఠావాళ్లో వేరే చెప్పాలా!

ఈ నేలకీ నీటికీ తగవు క్యూషులో నిజంగానే జరిగింది. 1914 జనవరి 12 వరకూ సకురాజిమా పూర్తిగా దీవి. ఆ రోజు కొండ బద్దలైంది, ఆ తర్వాత లావా సముద్రంలోకి దిగింది. అవతల ఓసుమి ద్వీపకల్పానికీ దీవికీ మధ్య సుమారు 400 మీటర్ల జలసంధి పూడిపోయింది. దీవి దీవి కాకుండా పోయింది! కురొకామి అనే పల్లెలో మూడు మీటర్ల రాతి ద్వారం ఒకటి బూడిదలో కూరుకుపోయి, ఇప్పుడు పైన మీటరు మాత్రమే కనిపిస్తుంది. చూసినవాళ్లు మరిచిపోకూడదని తవ్వకుండా అలాగే ఉంచారు.

అంతకంటే ఆలోచింపజేసేది ఒక బడి ఆవరణలో ఉంది. పేలుడుకు ముందు రోజుల్లో నేల పదేపదే కంపించింది, వేడినీళ్లు ఉబికాయి. ఊరివాళ్లకి అనుమానం వచ్చింది. ఊరిపెద్ద వాతావరణ పరిశీలన కేంద్రాన్ని అడిగితే సకురాజిమా పేలదన్నారు. ఆ మాట నమ్మి ఆగినవాళ్లకి చివరికి పారిపోయే సమయం చాల్లేదు. సముద్రంలోకి దూకి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. పదేళ్లకి, 1924లో, అక్కడ ఓ రాయి నిలబెట్టారు. సిద్ధాంతాలను నమ్ముకుని కూర్చోవద్దనీ, సూచనలు కనిపించగానే బయల్దేరమనీ దానిమీద చెక్కించారు. ఈ మాట అప్పటి శాస్త్రవేత్తలకి చేదుగా ఉండొచ్చు. కానీ ఇప్పుడు ఈ కొండను కొలిచినంత శ్రద్ధగా కొలిచే అగ్నిపర్వతాలు జపాన్‌లో కొన్నే ఉన్నాయి.

ఆటగాళ్ల లెక్క వేరు

మళ్లీ మార్కుల దగ్గరికొద్దాం. నీళ్లమీద ఫిర్యాదు పూర్తిగా అన్యాయమేం కాదు. హోయెన్‌లో సముద్రపు దారులు చాలా ఉన్నాయి. వాటిలో పది అడుగులు ఈదితే టెంటకూల్ అనే జెల్లీచేపో, వింగల్ అనే సముద్రపు పిట్టో అడ్డం పడుతుంది. ఇరవయ్యోసారి అదే జీవి ఎదురైతే ఎవరికైనా విసుగే! 2002లో ఆటగాళ్లు పెట్టుకున్న కోపాలు ఇంకొన్ని ఉన్నాయి. అంతకుముందు ఆటల్లో ప్రాణంలా పెంచుకున్న జీవాల్ని కొత్త ఆటలోకి తెచ్చుకునే దారి లేకుండా పోయింది. వెనకటి ఆటలో కనిపించిన పగలూ రాత్రీ తేడా ఇందులో కనిపించలేదు. ఏళ్ల తరబడి పెంచిన జీవం పాత క్యాసెట్‌లోనే ఉండిపోతే పిల్లలకి ఎంత కష్టంగా ఉంటుందో పెద్దవాళ్లు ఆలోచించి ఉండరు.

అయినా రూబీ, సఫైర్ కోటీ అరవై లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. ఆడినవాళ్లు పెరిగి పెద్దయ్యాక తిట్టినవి మరిచిపోయి, మెచ్చినవి గుర్తుంచుకున్నారు. చెట్లమీదా కొండ చరియల్లోనూ కట్టుకున్న రహస్య స్థావరాలు, బాకాలు మోగే పాటలు, వానలో తడిసిన ఆరడుగుల గడ్డి... కొత్తగా తీసి ఇవ్వమని ఏళ్లపాటు అడిగి అడిగి సాధించుకున్నదే 2014 నాటి జంట. విమర్శకుడు వారం రోజులు ఆడి మార్కులేస్తాడు. ఆటగాడు పదేళ్లు మోసి మార్కులేస్తాడు. ఇద్దరి పలకలూ కలవకపోవడంలో వింతేముంది?

నిజానికి ఆ ఆటలో మంచివన్నీ నీళ్లలోనే దాచారు. ఫీబస్ అనే అందవిహీనమైన చేప ఒక పొడవాటి నదిలో కేవలం ఆరు చోట్లే దొరుకుతుంది. దానికోసం సెలవులన్నీ గాలం వేసినవాళ్లున్నారు. ఓపిగ్గా పెంచితే అదే మిలోటిక్ అనే అందాలరాశి అవుతుంది! సముద్రం అడుగుకి మునిగి వెళ్తే ఓ గది, దాని గోడలమీద బ్రెయిలీ లిపిలో రాతలు కనిపిస్తాయి. చూపులేనివాళ్లు వేళ్లతో చదివే ఆ లిపిని పిల్లలు ఆటతోపాటు వచ్చిన పుస్తకం చూసి ఒక్కో అక్షరమే కూడబలుక్కున్నారు. అది చదివితేనే మూడు పురాతన జీవాల తలుపులు తెరుచుకుంటాయి. అగ్నిపర్వతం నోట్లో కట్టిన తెల్లటి ఊరు ఒకటుంది. దానికి మొదటిసారి వెళ్లే దారి నీటి అడుగునుంచే. ఇదీ క్యూషు నుంచి వచ్చిన ఊహే కావచ్చు. ఎందుకంటే సకురాజిమా ఉన్న కగోషిమా అఖాతం ఉత్తర భాగం నిజానికి సుమారు 30 వేల ఏళ్ల కిందటి మహా విస్ఫోటనం మిగిల్చిన గొయ్యి. సముద్రం వచ్చి దాన్ని నింపింది.

ఇసుకలో అవ్వలు

ఆటలో కొండ కింద వేడినీటి ఊరొకటి ఉంటుంది. అక్కడ అవ్వలు మెడదాకా వేడి ఇసుకలో పూడ్చుకుని హాయిగా కబుర్లు చెబుతుంటారు. మొదటిసారి చూసిన పరాయి దేశపు పిల్లలు అదేదో పిచ్చి ఊహ అనుకున్నారు. కగోషిమా నుంచి దక్షిణంగా వెళ్లే రైలెక్కి ఇబుసుకీలో దిగితే ఆ అవ్వలు నిజంగానే కనిపిస్తారు! సముద్రం ఒడ్డున భూమిలోంచి వచ్చే వేడినీటితో ఇసుక 50, 55 డిగ్రీలు ఉంటుంది. పల్చటి యుకతా కట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని పడుకుంటే పనివాళ్లు పారలతో ఇసుక కప్పుతారు. పది నిమిషాలు చాలు, ఒళ్లంతా చెమటలు. కీళ్ల నొప్పులకి మంచిదని శతాబ్దాలుగా వస్తున్న నమ్మకం.

ఇబుసుకీకి పోకెమాన్‌తో ఇంకో చుట్టరికం ఉంది. ఈవీ అనే నక్కపిల్లలాంటి జీవిని జపాన్‌లో ఈబుయి అంటారు. సుకి అంటే ఇష్టం. రెండూ కలిపి గబగబా పలికితే ఊరి పేరే! ఆ చమత్కారాన్ని పట్టుకుని 2018 డిసెంబరులో ఈవీ, దాని ఎనిమిది రూపాల బొమ్మలతో తొమ్మిది మ్యాన్‌హోల్ మూతలు ఊళ్లో అమర్చారు. పోకెమాన్ మూతలు దేశంలో మొదలైంది ఇక్కడే. ఏ రెండూ ఒకేలా ఉండవు. ఇప్పుడు జపాన్ అంతటా వందల్లో ఉన్నాయి. వాటిని వెతుక్కుంటూ మారుమూల ఊళ్లకి వెళ్లే కుటుంబాలూ ఉన్నాయి. తలెత్తి కైమొందాకే కొండను చూడాల్సిన చోట తల దించుకుని మూతలు చూస్తున్నారని పెద్దవాళ్లు విసుక్కోవచ్చు. కానీ పిల్లవాడు అమ్మానాన్నల్ని లాక్కొచ్చాడు కాబట్టే కదా ఆ కొండ కనబడింది!

ఊరికి పడమరగా ఇకెదా సరస్సుంది. క్యూషులోకెల్లా పెద్దది, లోతు 233 మీటర్లు. ఇందులో మనిషి పొడవుండే మలుగుపాములాంటి ఈల్ చేపలుంటాయి. 1978లో నీళ్లలో నల్లటి మూపురాలు కనిపించాయని చాలామంది చెప్పడంతో ఇస్సీ అనే రాకాసి కథ పుట్టింది. ఆ తర్వాత అది ఎవరికీ పట్టుబడలేదు.

దారి విషయానికొస్తే... 2011 మార్చి నుంచి ఫుకువోకా నుంచి కగోషిమా దాకా బుల్లెట్ రైలుంది, గంటన్నర లోపే. అక్కణ్నుంచి ఇబుసుకీకి మామూలు రైళ్లతో పాటు, ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు రంగు వేసిన ప్రత్యేక రైలు తిరుగుతుంది. స్టేషన్‌లో తలుపులు తెరుచుకోగానే పైనుంచి తెల్లటి ఆవిరి చిమ్ముతుంది. సముద్రగర్భం నుంచి తిరిగొచ్చిన జాలరి తెరవకూడని పెట్టె తెరిచి ముసలివాడైపోయిన జానపద కథకి గుర్తు అది. ఆటలోని రాకెట్ల ఊరు చూడాలనుకుంటే కగోషిమా రేవు నుంచి తనెగషిమాకి పడవలున్నాయి. జపాన్ రాకెట్ల ప్రయోగ కేంద్రం ఆ దీవిలోనే ఉంది. వేసవిలో సకురాజిమా గాలి నగరం వైపే తిరుగుతుంది కాబట్టి తెల్లబట్టలు వేసుకోకపోవడం మంచిది. శీతకాలమైతే బూడిద చాలావరకు అటు ఓసుమి వైపు పోతుంది.