ఊరేగింపు, జులూస్, మసీరా

ఈ వారం మాట ఊరేగింపు. విడదీస్తే ఊరు + ఏగు. ఏగు అంటే పోవు, నడుచు. ఇప్పుడు దాన్ని విడిగా ఎవరూ వాడరు, నిఘంటువులో వెతికితే దొరుకుతుంది. దేవుణ్ణి ఊరేగిస్తారు, పెళ్ళికొడుకుని ఊరేగిస్తారు. జనం ఏదో కావాలనో వద్దనో రోడ్డు మీద నడిస్తే దాన్ని ప్రదర్శన అనో ర్యాలీ అనో అంటారు.

నేను కువైట్‌లో పుట్టి పెరిగాను. ఈ మాటలు నాకు పుస్తకంలోనే పరిచయం. వాడే అవసరం ఎప్పుడూ రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకుందామని ఇక్కడి చట్టం చదివాను.

1979లో వచ్చిన 65వ నంబరు చట్టం అది. బహిరంగ సభలు, ఊరేగింపులు, ప్రదర్శనలు, గుంపుగా చేరడం, అన్నీ దాని కిందికే వస్తాయి. ఏది చేయాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇరవై మందికి మించితే అది గుంపు. ఇక 12వ నిబంధన నాకు సంబంధించింది: పౌరులు కానివాళ్ళు ఊరేగింపుల్లో, ప్రదర్శనల్లో పాల్గొనకూడదు. ఈ దేశంలో మూడింట రెండు వంతుల కన్నా ఎక్కువ మంది పౌరులు కానివాళ్ళే. అంటే ఆ ఒక్క వాక్యం ఊళ్ళో ఎక్కువ మంది గురించే రాసింది.

రాజ్యాంగం మాటలు కొంచెం మెత్తగా ఉంటాయి. 44వ అధికరణం ప్రకారం ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు, పోలీసులు అక్కడికి రాకూడదు. దివానియాలు అలాగే నడుస్తాయి. 2006 మే 1న రాజ్యాంగ న్యాయస్థానం 1979 చట్టంలో చాలా భాగం కొట్టేసింది. అయితే కొట్టేసింది సభల గురించిన నిబంధనలను. ఊరేగింపుల నిబంధనలు అలాగే ఉండిపోయాయి. తేలికగా చెప్పాలంటే ఒకచోట చేరి మాట్లాడుకోవచ్చు, కదిలి నడవాలంటే అడగాలి.

2012 అక్టోబరు 21న దీని అర్థం ఏమిటో ఊరంతా చూసింది. ఎన్నికల చట్టం మార్పును వ్యతిరేకిస్తూ 'కరామత్ వతన్', అంటే దేశ గౌరవం, అనే పేరుతో వేలమంది కువైటీలు నడవబోయారు. పోలీసులు బాష్పవాయువు వదిలారు. ఆ తర్వాత ఇరవై మందికి మించి చేరకూడదని ప్రభుత్వం గట్టిగా చెప్పింది. చివరకు నవంబరు 30న, ఎన్నికలకు ముందు రోజు, అనుమతితోనే పెద్ద ఊరేగింపు జరిగింది. అరబీలో దీన్ని మసీరా అంటారు. దాని మూలం కూడా నడకే, మన ఏగు లాగా.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన మాట, జులూస్. హైదరాబాదులో ఊరేగింపుకి ఇదే మాట అని చదివి నవ్వొచ్చింది. ఎందుకంటే అరబీలో జులూస్ అంటే కూర్చోవడం! బడిలో టీచర్ "ఇజ్లిస్" అంటే మేం కూర్చునేవాళ్ళం. సింహాసనం మీద కూర్చోవడం కూడా జులూసే. పారశీకం మీదుగా ఉర్దూలోకి వెళ్ళి, రాజు కూర్చున్న రోజు వైభవం కాస్తా వీధిలో నడిచే ఊరేగింపు అయింది. కువైట్ పార్లమెంటు మజ్లిస్‌ది కూడా అదే మూలం. ఆ మజ్లిస్ 2024 మేలో రద్దయింది.

కువైట్‌కి స్వాతంత్ర్యం వచ్చింది 1961 జూన్ 19న. జాతీయ దినోత్సవం మాత్రం ఫిబ్రవరి 25న చేస్తారు. షేక్ అబ్దుల్లా అల్ సాలిం 1950లో గద్దె ఎక్కిన రోజు అది, అంటే జులూస్ రోజు. ఆ రోజు గల్ఫ్ స్ట్రీట్ నిండా జెండాలు కట్టిన కార్లు నత్తల్లా కదులుతాయి. మేమూ కారులో వెళ్ళేవాళ్ళం. నీళ్ళ బుడగలు విసరొద్దని పోలీసులు చెబుతారు. నేను పాల్గొన్న ఊరేగింపు అదొక్కటే, అదీ సీటు బెల్టు పెట్టుకుని.

నాన్నది రాజంపేట వైపు పల్లె. చిన్నప్పుడు ఆయన చెప్పిన మాట ఇప్పటికీ అలాగే గుర్తుంది: "గుంపు కనపడితే ఆడ నిలబడద్దు, పక్క సందులోకి తిరుక్కో. మనకుండేది అకామా, రేషన్ కార్డు కాదు." అప్పుడు అది ఉత్త భయం అనిపించేది. 2022 జూన్ 10న, శుక్రవారం నమాజు తర్వాత, ఫహాహీల్‌లో కొందరు విదేశీయులు నిరసనకు చేరారు. భారత్‌లో ఒక పార్టీ ప్రతినిధి అన్న మాటల మీద ఆ కోపం. పట్టుకుని దేశం నుంచి పంపేస్తామని, మళ్ళీ రానివ్వమని అధికారులు చెప్పారు. వాళ్ళ కోపం న్యాయమా కాదా అని చట్టం అడగలేదు. పౌరులా కాదా అనే అడిగింది. నాన్న భయంలో 12వ నిబంధన ఉంది, ఆ నంబరు ఆయనకు తెలియకపోయినా.

మా వినాయకుడి ఊరేగింపు ఫర్వానియా ఫ్లాట్‌లో హాలు నుంచి బాత్‌రూమ్ దాకా. నాన్న ప్లేటులో పట్టుకుంటారు, నేను గంట కొడతాను, అమ్మ "మెల్లగా, కింద వాళ్ళు" అంటుంది. బకెట్లో నిమజ్జనం.

అక్కడ మాత్రం అడగక్కర్లేదా అంటే, అడగాలి. తెలుగు పేపర్లలో "30 యాక్ట్ అమలు" అని కనిపిస్తుంది. అది 1861 పోలీసు చట్టంలో 30వ సెక్షన్. కందుకూరులో 2022 డిసెంబరు 28న తొక్కిసలాటలో ఎనిమిది మంది చనిపోయాక, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ జీవో నంబరు 1 తెచ్చింది. 2023 మేలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. జనం ప్రాణాల గురించి జాగ్రత్త కావాలి, నిజమే. కానీ ఆ పేరుతో నడకనే ఆపకూడదని నాకనిపిస్తుంది. అక్కడ వాదించడానికైనా ఒక కోర్టు మెట్టు ఉంది.

పోయిన నెల ఫోన్లో అవ్వను అడిగాను, మన ఊళ్ళో పీర్ల ఊరేగింపుకి అనుమతి ఎవరిస్తారని. "అనుమతి" అనే మాట అవ్వకి అందలేదు. "పర్మిషన్" అంటే అర్థమైంది.

"పీరుసామి ఇస్తాడు," అంది. కాసేపాగి, "ఎస్సైకి గూడా ఒక మాట చెప్పల్ల," అంది.