రాయవేలూరులో పరాయివాళ్ళు

వేలూరు కోట గురించి, కోటలోని జలకంఠేశ్వరుడి గుడి గురించి, 1806 జూలైలో అక్కడి సిపాయిలు చేసిన తిరుగుబాటు గురించి తెలుగులో చదివినవాళ్ళు చాలామందే ఉంటారు. శ్రీపురం బంగారు గుడికి మన వైపు నుంచి వెళ్ళే బస్సులకైతే లెక్కే లేదు. అవన్నీ చూడదగ్గవే. అయినా ఆ ఊరి గురించి నా చేత రాయిస్తున్నవి మాత్రం క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆస్పత్రి ఎదుట, గాంధీ రోడ్డు వెంట, పక్క సందుల్లో తెల్లవారకముందే వెలిగే పొయ్యిలు. ఇడ్లీ బండ్లు, టీకొట్లు, చిన్న మెస్సులు, కూరగాయల గంపలు. పరాయి ఊరిలో, భాష రాని చోట, పక్కన రోగిని పెట్టుకుని నిలబడ్డ మనిషిని ఆ వీధులు ఎలా చూసుకుంటాయో గమనిస్తే ఒక సంగతి తేటపడుతుంది. బాటసారి పట్ల ఆదరం ఎక్కడో ఒక పుణ్యాత్ముడిలో మెరిసే గుణమని మనం అనుకుంటాం. వేలూరును చూస్తే, అది ఒక ఊరు తరాల తరబడి వచ్చేపోయేవాళ్ళ మధ్య బతికి నేర్చుకునే పని అనిపిస్తుంది. నేర్చుకునేదైతే మన ఊళ్ళూ నేర్చుకోవచ్చు. నేను చెప్పదలచుకున్నది ఇదే.

చిత్తూరు నుంచి వేలూరు ఎంతో దూరం కాదు. 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడేదాకా ఆ ప్రాంతంలో చాలా భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలోదే. సరిహద్దుకు ఇవతలి పల్లెల్లో పాతకాలం వాళ్ళకు ఇప్పటికీ అది రాయవేలూరు. ఇంట్లో జబ్బు ముదిరి, దగ్గరి డాక్టర్లు చేతులెత్తేస్తే వినబడే పేరు అదే. ఆ పేరుకు ఆ బలం వచ్చింది మిషనరీ డాక్టరు కూతురు ఐడా స్కడర్ వల్ల. 1890లలో తిండివనంలో ఒకే రాత్రి మూడు ఇళ్ళవాళ్ళు ప్రసవం కష్టమై సాయం కోరి రావడం, మగ డాక్టరు చేయి తగలడానికి ఒప్పుకోకపోవడం, తెల్లారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోవడం ఆమె జీవితాన్ని మార్చేశాయి. అమెరికా వెళ్ళి వైద్యం చదువుకుని వచ్చి 1900లో ఒక్క మంచంతో వేలూరులో వైద్యం మొదలుపెట్టింది. 1902లో ఆస్పత్రి కట్టారు. 1918లో ఆడవాళ్ళ కోసం వైద్య పాఠశాల తెరిచారు. అవే పెరిగి సీఎంసీ అయ్యాయి. ఇవాళ కాట్పాడి స్టేషన్‌లో దిగేవాళ్ళలో రాయలసీమ రైతులే కాదు, బెంగాల్, జార్ఖండ్, అస్సాం, త్రిపుర వాళ్ళు, బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉంటారు. రైలు దిగి ఆటో ఎక్కేదాకా ప్రయాణం గురించి చెప్పుకోవాల్సినంత ఏమీ లేదు.

చెప్పుకోవాల్సింది ఆస్పత్రి వీధుల గురించే. బోర్డులు అరవంలో ఉంటాయి, వాటి పక్కనే బెంగాలీలో, హిందీలో, అక్కడక్కడా తెలుగులో ఉంటాయి. చేపల పులుసు, అన్నం వండే బెంగాలీ హోటళ్ళు వరసగా కనిపిస్తాయి. లాడ్జి గదులు ఇరుకు, ఎండాకాలంలో గాలి ఆడదు, వేలూరు ఎండ సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ ఆ ఇరుకు గదులతోబాటు పొయ్యి, గిన్నెలు అద్దెకిచ్చే ఏర్పాటు చాలా లాడ్జీల్లో ఉంది. రోగికి ఉప్పు తగ్గించి, కారం మానేసి, తమ ఇంటి వంట తామే వండి పెట్టుకోవచ్చు. నా దృష్టిలో సౌకర్యం అంటే ఏసీ కంటే ముందు ఇదే. ఆ పొయ్యి మీదికి కావలసిన సరుకు అమ్మేవాళ్ళకు ఇద్దరికి ఒక పూటకు ఎంత కూర చాలో తెలుసు, అంతే తూస్తారు. టీకొట్టులో ఫ్లాస్కు చాచితే వేన్నీళ్ళు పోస్తారు. ఇడ్లీ బండి దగ్గర పేషెంటుకు అంటే చట్నీ పక్కన పెట్టి సాంబారు పలచగా పోసిస్తారు. రక్తపరీక్షకు ఏమీ తినకుండా రావాలని చెప్పిన చీటీ చేతిలో ఉంటే, చదవడం రానివాళ్ళకు దాన్ని చదివి చెప్పేది ఎన్నోసార్లు ఆ బండి మనిషే. వీటికి భాష అడ్డు రాకుండా వాళ్ళు బెంగాలీ అంకెలు, హిందీ మాటలు, కాస్తో కూస్తో తెలుగు నేర్చుకున్నారు. 1965లో హిందీని రుద్దవద్దని ఉద్యమం చేసిన రాష్ట్రం ఇది. ఆ పట్టుదల ఎంత న్యాయమైనదో, జబ్బు మనిషి కోసం అదే నేల మీద ఒక టీకొట్టు యజమాని పరాయి భాష నేర్చుకోవడం అంత గొప్పది. బలవంతం చేస్తే ఒప్పుకోని భాషను అవసరంలో ఉన్న మనిషి కోసం ఇష్టంగా పలికారు.

ఇదంతా వ్యాపారమేగా అని ఎవరైనా అడగవచ్చు. నాలుగు భాషల్లో బోర్డు పెట్టేది నలుగురు ఎక్కువగా రావాలనే కదా. నిజమే, అమ్ముకోవడానికే అక్కడ కూర్చున్నారు, అందులో దాచుకోవాల్సిందేమీ లేదు. కానీ ఇడ్లీకి ధర ఉంది, ఆకుకూర కట్టకు ధర ఉంది, వేన్నీళ్ళకు లేదు. ఏ కౌంటరు దగ్గర నిలబడాలో, సీఎంసీ బాగాయం క్యాంపస్‌కు ఏ బస్సు ఎక్కాలో చెప్పినందుకు ఎవరూ డబ్బు అడగరు. ఆపరేషన్ అయిన నెలకు ఆ కుటుంబం ఏ మాల్డాకో, ఏ మదనపల్లెకో వెళ్ళిపోతుంది. మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు, రాకపోవడమే వాళ్ళ కోరిక కూడా. తిరిగి రాని గిరాకీకి చేసిన ఉపకారంలో లాభం వెతకడం కష్టం. మరోమాట కూడా ఒప్పుకోవాలి: ఆటోకు రెట్టింపు అడిగేవాళ్ళు, గది చూపిస్తామని వెంటపడే దళారులు ఆస్పత్రి ఉన్న ప్రతి ఊళ్ళోలాగే అక్కడా ఉన్నారు. అయితే వాళ్ళ గురించి కొత్తవాళ్ళను హెచ్చరించేది కూడా ఎక్కువగా ఆ చిన్న అంగళ్ళవాళ్ళే. అమ్మకం, ఆదరం ఒకే చేతిలో ఇమడవన్న నమ్మకం మనకెక్కడ పట్టుకుందో గానీ, మన సంతలూ, మన పూటకూళ్ళ ఇళ్ళూ దాన్ని ఎన్నడూ ఒప్పుకోలేదు.

వేలూరు నుంచి పడమటికి, పాలారు పక్కగా సాగితే విరించిపురం వస్తుంది. అక్కడి శివుడు మార్గబంధీశ్వరుడు. మైసూరు వైపు నుంచి కంచికి మిరియాలు మోసుకుపోతూ దొంగలకు భయపడ్డ వర్తకుడికి స్వామే సైనికుడి వేషంలో తోడు నడిచాడని స్థలపురాణం. పదహారో శతాబ్దపు అప్పయ్య దీక్షితులు ఈ స్వామి మీద కట్టిన స్తోత్రాన్ని ప్రయాణానికి ముందు చదువుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కథను నమ్మినా నమ్మకపోయినా, ఆ దారిన ఎంతమంది పరాయివాళ్ళు నడిచి ఉంటే అలాంటి కథ పుడుతుందో ఊహించవచ్చు. నాకు ఇంకా ఆసక్తి కలిగించింది ఆ గుడిలోని ఒక శాసనం. శక సంవత్సరం 1347, అంటే 1425-26, విజయనగర దేవరాయల కాలం. పడైవీడు రాజ్యపు బ్రాహ్మణులు, అందులో కన్నడిగులు, తమిళులు, తెలుగువాళ్ళు, లాట (గుజరాత్) దేశంవాళ్ళు ఒకచోట కూడి, ఇకమీదట కన్యాశుల్కం తీసుకోరాదని, పెళ్ళిళ్ళు కన్యాదానంగానే జరగాలని రాసుకున్న కట్టుబాటు అది. గురజాడ నాటకానికి నాలుగున్నర శతాబ్దాలకు పైగా ముందుమాట! ఆ కట్టుబాటు ఒక్క కులానికి చెందినదే. అయినా నాలుగు భాషలవాళ్ళు ఒకే నీళ్ళు తాగుతూ ఒకే నియమానికి చేవ్రాలు చేసే నేల అది అప్పటికే. గాంధీ రోడ్డు బోర్డులకు ఈ పాత అలవాటు వెనకనుంచి బలమిస్తోందని నేను నమ్ముతాను.

అణైకట్ వైపు తిరిగితే జవ్వాదు కొండలు దగ్గరవుతాయి. ఆ తాలూకాలోని ఇలవంబాడిలో పండే ముళ్ళ వంకాయకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తొడిమకు ముళ్ళుంటాయి, కోసేవాళ్ళ వేళ్ళకు గుచ్చుకుంటాయి, కానీ ఉడికితే వెన్నలా కరుగుతుంది. ఆంబూరు బిరియానీ పక్కన వంకాయ కూర లేనిదే ఆ వైపు విస్తరి నిండదు. వంకాయ మీద తెలుగువాడికి ఉన్న ప్రేమకు ఆ ఒక్క కూర చాలు, అరవం రాకపోయినా అక్కడ ఇల్లు గుర్తొస్తుంది. ఇంకా పడమటికి పోతే గుడియాత్తం, మగ్గం లుంగీలకు, అగ్గిపెట్టెలకు పేరుపడ్డ ఊరు. పలమనేరు అడవుల నుంచి దిగే కౌండిన్య నది ఊరి మధ్యగా పోతుంది. మే నెలలో ఆ ఒడ్డున గెంగమ్మ శిరస్సు తిరునాళ్ళు జరుగుతాయి. మన తిరుపతి గంగమ్మ జాతర కూడా మేలోనే. అరవనాట ఎండాకాలం వచ్చిందంటే వీధుల్లో మజ్జిగ పందిళ్ళు వెలుస్తాయి, తాగేవాడు ఏ ఊరివాడో అడగరు. మన చలివేంద్రం పద్ధతే అది.

ఇక్కడొక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి పోవడం నాకు ఇష్టం లేదు. ఈ నేల మీదే, అరవ పల్లెల్లోనూ తెలుగు పల్లెల్లోనూ, టీకొట్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టిన చరిత్ర ఉంది. మాయమైపోయిందని చెప్పలేం. దూరం నుంచి వచ్చినవాడికి నవ్వుతూ నీళ్ళిచ్చి, పక్క పేటవాడికి దూరం నుంచి పోసే చేతిని ఆదరం అనొచ్చా? అనకూడదు. అయితే ఆస్పత్రి వీధి దీనికి ఒక జవాబు చూపిస్తుంది. అక్కడికి వచ్చే గుంపులో ఎవరి కులమేదో, మతమేదో అడిగి తెలుసుకోవడానికి తీరిక లేదు. గ్లాసు ఒక్కటే, బల్ల ఒక్కటే, వరస ఒక్కటే. పరాయివాళ్ళు ఎక్కువగా వచ్చే చోట పాత గీతలు నిలబడటం కష్టం. కాబట్టి ఆదరానికి కొలత పరదేశికి ఇచ్చే మర్యాద ఒక్కటే కాకూడదు, అదే గ్లాసు సొంత ఊరి చివరి మనిషి చేతికి కూడా వెళ్ళాలి.

ఆకలి తీర్చే పని ప్రభుత్వానిది, వీధి వ్యాపారుల మంచితనానికి దాన్ని వదిలేయకూడదని అనేవాళ్ళతో నేను ఏకీభవిస్తాను. 2013లో చెన్నైలో రూపాయి ఇడ్లీతో మొదలైన అమ్మ ఉణవగాలు, 2018లో ఆంధ్రలో అయిదు రూపాయలతో తెరిచిన అన్న క్యాంటీన్లు ఆ పనే చేశాయి. కానీ అన్న క్యాంటీన్లు ప్రభుత్వం మారగానే 2019లో మూతపడి, 2024లో గానీ మళ్ళీ తెరుచుకోలేదు. జీవో రద్దయితే వంట ఆగిపోతుంది. ఊరి అలవాటును రద్దు చేసే జీవో ఉండదు. తమిళనాట వడలూరులో 1867లో సాధువు వళ్ళలార్ వెలిగించిన ధర్మశాల పొయ్యి ఇంకా ఆరలేదు. కోనసీమలో లంకల గన్నవరం దారిన పోయేవాళ్ళకు అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ 1909లో కన్నుమూసినా, ఇప్పటికీ మన జిల్లాల్లో అన్నదానం అంటే ఆమె పేరే చెబుతారు. ప్రభుత్వపు హక్కు, ఊరి అలవాటు రెండూ కావాలి. ఒకటి చేయలేనిది ఇంకొకటి చేస్తుంది. క్యాంటీను కడుపు నింపుతుంది, ఫలానా పరీక్షకు తినకుండా వెళ్ళాలని గుర్తు చేయడం దానికి రాదు.

వేలూరులో తెలుగువాళ్ళు తీసుకున్న ఈ రుణాన్ని ఆ టీకొట్టుకే వెళ్ళి తీర్చలేం. తీర్చాల్సింది మన ఊళ్ళలోనే. 2020 లాక్‌డౌన్‌లో జాతీయ రహదారి వెంట నడిచిపోయిన వలస కూలీలకు మన పల్లెలు అన్నం, నీళ్ళు, చెప్పులు ఇచ్చాయి కాబట్టి మనకు చేతకాదన్న మాటే లేదు. ఆపద రోజుల్లో చేసింది మామూలు రోజుల్లోనూ చేయాలి. హైదరాబాద్ నిమ్స్ ముందు, విశాఖ కేజీహెచ్ ముందు, తిరుపతి రుయా ముందు ఒడిశా నుంచో, రాయచూరు నుంచో వచ్చినవాళ్ళు చీటీ పట్టుకుని నిలబడి ఉంటారు. అక్కడ కొట్టు పెట్టుకున్నవాళ్ళు వాళ్ళ భాషలో పది మాటలు నేర్చుకోండి. అక్కడ తినడానికి ఆగేవాళ్ళు ఆ చీటీ ఒకసారి చదివి చెప్పండి.