అత్త పెట్టిన రెండో ముద్ద

మా పుట్టిల్లు బాగేపల్లి దగ్గర పల్లె, మెట్టినిల్లు చింతామణి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో కన్నడం, సంతలో రెండూ. ఇప్పుడు చిక్కబళ్ళాపురం జిల్లా అంటున్నాం గానీ, 2007 దాకా మాదంతా కోలారు జిల్లానే.

1994లో నేను తొలిచూలు. కడుపు పడేనాటికి నా బరువు 44 కిలోలు. ఏడో నెలలో చిక్కబళ్ళాపురంలో స్కానింగు చేసిన డాక్టరమ్మ "అవళి మక్కళు" అంది. కవలలని తెలిసి మా ఆయన సంబరపడి బస్టాండులో ఉడికించిన చెనిక్కాయలు కొనిచ్చారు. ఇంటికి రాగానే మా అత్త ఆ పొట్లం తీసి పిల్లలకు పంచేసింది. మర్నాటి నుంచి నా కంచంలో సంగటి ముద్ద సగమైంది.

"ఎక్కువ తింటే బిడ్డలు లావైపోతారు. ఒక బిడ్డకే కాన్పు కష్టం, ఇద్దరైతే ఏం గతి?" అనేది.

మా అత్త గయ్యాళి అనుకోకండి. ఆమె పెద్దకూతురు తొలికాన్పులో రెండు రోజులు నొప్పులు పడింది. బిడ్డ బయటికి రాలేదు. ఎద్దులబండిలో ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. "బిడ్డ పెద్దది" అని మంత్రసాని అన్న మాట ఆమె గుండెలో మేకులా దిగిపోయింది. నా ముద్ద సగం చేసింది ఆ భయమే. నేనూ ఎదురు చెప్పలేదు. రాత్రిళ్ళు ఆకలికి నిద్ర పట్టక మంచినీళ్ళు తాగి పడుకునేదాన్ని.

మొత్తం మీద నేను పెరిగింది ఏడు కిలోలు. ఎనిమిదో నెలలోనే కాన్పయింది. అమ్మాయి కిలో ఏడువందలు, అబ్బాయి కిలో నాలుగువందలు. వాడికి పాలు చీకే శక్తి కూడా లేదు. పిండిన పాలు చెంచాతో పోస్తూ, ఎదకు హత్తుకుని నెలన్నర కూర్చున్నాను. దేవుడి దయవల్ల ఇద్దరూ దక్కారు. తిండి తక్కువవడం వల్లే అలా జరిగిందని నేననను, కవలలు మామూలుగానే ముందుగా పుడుతుంటారు. అయినా ఆ సగం ముద్ద నాకు మరుపు రాలేదు.

2019లో మా అమ్మాయికి కవలలని తెలిసింది. ఈసారి ముందే చదివి, అడిగి తెలుసుకున్నాను. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఒక లెక్క ఇచ్చింది. మామూలు బరువున్న స్త్రీ ఒక బిడ్డయితే పదకొండున్నర నుంచి 16 కిలోలు, కవలలైతే 17 నుంచి 25 కిలోలు పెరగవచ్చునట. ముందే లావుగా ఉన్నవాళ్ళకు ఈ లెక్క తగ్గుతుంది. మన శరీరాలకు ఎంత తగునో మన డాక్టరే చెప్పాలి. కవలల తల్లికి చివరి నెలలు చేతికి దొరకకపోవచ్చు. పైగా అప్పటికి పొట్ట ఒత్తుకుని తిండి పట్టదు. అందుకే మొదటి ఐదారు నెలల్లో పెట్టే బరువు ముఖ్యమని చెప్పారు.

అమ్మాయి ఐదో నెలలో మా దగ్గరికి వచ్చింది. మా అత్తకు అప్పటికి ఎనభై దాటాయి. మనవరాలి కంచం వైపు మళ్ళీ అదే చూపు! ఆ రోజు ధైర్యం చేసి అన్నాను: "అత్తా, వదినను తీసుకుపోయింది బిడ్డ బరువు కాదు, ఆసుపత్రి దూరం. అడ్డం తిరిగినా, ఇరుక్కున్నా ఇప్పుడు ఆపరేషను ఉంది. కడుపులో ఎండిపోయిన బిడ్డకు బలం ఎక్కడినుంచి తెస్తాం?" అత్త ఏమీ అనలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది.

అంగన్‌వాడీలో మధ్యాహ్నం అన్నం, గుడ్డు, పాలు, చెనిక్కాయ చిక్కీ ఇచ్చేవారు. 2017లో మొదలైన 'మాతృపూర్ణ' పథకం అది. ఇంటికి తెస్తే పదిమందికీ పంచేస్తారని అక్కడే కూర్చోబెట్టి పెట్టేవారు. నా పొట్లం గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఇంట్లో పితికిపప్పు, పెరుగు, సంగటి, కొంచెం కొంచెంగా ఆరుపూటలు. "ఏనుగులా అయిపోతున్నానమ్మా" అని అమ్మాయి దిగులు పడేది. చదువు రాని మా అత్త మాత్రం ఆసుపత్రి నుంచి రాగానే తాయి కార్డు చూపించమని "ఈసారి ఎంత పెరిగినావు?" అని అడగడం మొదలుపెట్టింది.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. నాలుగైదు రోజుల్లోనే బరువు ఉన్నట్టుండి పెరిగి మొహం, చేతులు ఉబ్బినా, తలనొప్పి, చూపు మసక ఉన్నా అది తిండి బలం కాదు. వెంటనే బి.పి. చూపించుకోవాలి. కవలల తల్లులకు ఆ ముప్పు ఎక్కువ.

మా అమ్మాయి 18 కిలోలు పెరిగింది. తొమ్మిదో నెల నిండాక ఇద్దరు ఆడపిల్లలు, ఒకరు రెండున్నర కిలోలు, ఇంకొకరు రెండుంబావు.

ఆ నెలల్లో ఒక రాత్రి మా అత్త మనవరాలి కంచంలో ఒక ముద్ద పెట్టి, ఆగి, ఇంకొకటి పెట్టింది. "అవ్వా, చాలు" అంది పిల్ల.

"అది ఒకదానికమ్మా. ఇది రెండోదానికి" అని, నా వైపు చూసి మెల్లగా అంది: "ఆ పొద్దు నీకు పెట్టల్సింది."