ఆదివారం మాంసం బజారుకు వెళ్తే...

ఆదివారం వచ్చిందంటే చాలు, మన ఇళ్లలో పొద్దున్నే మసాలా నూరడం మొదలు. సంచీ పట్టుకుని వెళ్లి మాంసం తెచ్చేది మాత్రం మావారే. ఆయన ఊళ్లో లేకపోవడంతో ఆ ఆదివారం నేనే బయల్దేరాను.

హైదరాబాదులో మేకలకూ గొర్రెలకూ పేరున్న బజారు జియాగూడ. కుతుబ్‌షాహీల కాలంలో, 1578లో కట్టిన పురానాపూల్‌కి దగ్గర్లోనే, మూసీ ఒడ్డున ఉంటుంది. లారీల్లో ఎక్కడెక్కడి నుంచో జీవాలు వస్తాయి.

దారి పొడవునా రోడ్డు వారన కొక్కేలకు మాంసం వేలాడుతోంది. బస్సు వెళ్తే పొగ, ఆటో వెళ్తే దుమ్ము, పైన ఈగలు. ఒకచోట తలకాయలూ కాళ్లూ కాలుస్తున్నారు. కట్టెల మీదో గ్యాసు మంట మీదో అయితే సరే. పాత టైరు ముక్కలు వేసి కాల్చేచోట మాత్రం కొనకండి. ఆఫ్రికాలోని ఘనాలో ఇలా కాల్చే అలవాటుంది. అక్కడి శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఆ మాంసంలో సీసం లాంటి లోహాలు చేరుతున్నాయని హెచ్చరించారు.

కుక్కర్లో నాలుగు విజిల్స్ వస్తే అన్నీ చస్తాయిలే అనుకుంటాం కదూ! క్రిములు చస్తాయి, నిజమే. కానీ ఎండలో గంటల తరబడి వేలాడిన మాంసంలో కొన్ని క్రిములు వదిలే విషం ఎంత ఉడికించినా పోదు. దుమ్ములోని సీసమూ అంతే. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లోనే ఆగిపోయింది. అయినా అప్పటిదాకా రోడ్ల పక్క మట్టిలో పడ్డ సీసం కుళ్లి పోయేది కాదు. పసిపిల్లల మెదడుకు దానివల్ల చేటు ఎక్కువ. బలం రావాలని మనం ఆపేక్షగా కాచే కాళ్ల పులుసులోనే అది చేరితే?

అలాగని మాంసం మానక్కర్లేదు. పొద్దున్నే వెళ్లండి. జాలీ వెనకో అద్దం వెనకో ఉంచిన కొట్టు చూసుకోండి. పశువైద్యుడు పరీక్షించాక వేసే ముద్ర ఉందా అని అడగండి, మొహమాటం వద్దు. ఇంటికొచ్చాక కొళాయి ధార కింద కాక గిన్నెలో కడగండి. లేకపోతే తుంపరలు పక్కనున్న కూరగాయల మీద పడతాయి. వేసవిలో గంటకు మించి బయట ఉంచకండి.

ఆ రోజు నేను నాలుగు కొట్లు దాటి, జాలీ తలుపున్న అయిదో కొట్లో కొన్నాను. ఇంటికొచ్చేసరికి నూరిన మసాలా కాస్తా ఎండిపోయింది. పోనిస్తురూ, మళ్లీ నూరుకున్నాను!