డుంగీ మీద చలికాలం

చలికాలమంటే మా ఆలూరులో క్యారెట్ పని. పొద్దు పొడవకముందే మడిలోకి దిగి పీకుతారు, మట్టి పోయేదాకా కడుగుతారు, సంచుల్లో నింపి బీజాపూర్ రోడ్డు మీదికి తెస్తారు. పక్క చేలల్లో చేమంతి, బంతి తెంపుతుంటారు. మంచులో మర్రిచెట్లు సగమే కనబడతాయి. ఈ పనికంతా కావలసింది నీళ్ళు. మా దగ్గర నీళ్ళ లెక్క అడుగుల్లో ఉంటుంది. ఫలానా వాళ్ళ బోరు ఆరు వందల అడుగుల్లో పడింది, ఫలానా వాళ్ళది ఎనిమిది వందలు దాటినా దుమ్మే లేచింది, ఇవీ కబుర్లు. 1908 మూసీ వరద తర్వాత పట్నం కోసం కట్టిన గండిపేట (1920), హిమాయత్ సాగర్ (1927) రెండూ మా చేవెళ్ళ, మొయినాబాద్ దిక్కే ఉన్నాయి. వాన మా మీద పడుతుంది, పారిన నీరు పట్నం పోతుంది.

అలాంటి ఊరి మనిషి చలికాలంలో అండమాన్ దీవుల చుట్టూ పడవ మీద తిరగాలని బయల్దేరితే ఇంట్లో నవ్వక ఏం చేస్తారు? మా ఇంట్లోనూ నవ్వారు. ఈత వచ్చా అని అడిగారు. బావిలో నేర్చుకున్న ఈత వచ్చు.

శంషాబాద్‌లో విమానం ఎక్కితే రెండున్నర గంటల ప్రయాణం. దిగే ఊరి పేరు 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం. ఆటో డ్రైవరు నుంచి హోటల్ కుర్రాడి దాకా నాకు తగిలిన వాళ్ళంతా పోర్ట్ బ్లెయిర్ అనే అన్నారు. ముందుగా దెబ్బతీసేది గడియారం. అండమాన్ మనకు ఎంతో తూర్పున ఉంది, టైము మాత్రం మనదే. డిసెంబరులో సాయంత్రం అయిదింటికే పొద్దుగూకుతుంది, తెల్లవారుజామున అయిదున్నరకే తెల్లారిపోతుంది. క్యారెట్ రైతుకు ఇది బాగానే ఉంటుంది. పట్నం నుంచి వచ్చిన కొత్త జంటలే పాపం, తయారై బయటికొచ్చేసరికి చీకటి పడుతుంది.

మ్యాపులో ఈ దీవులు బర్మా కింద రాలిన మెతుకుల్లా ఉంటాయి. బర్మాలోని అరకాన్ కొండల వరసే సముద్రంలోకి దిగి, మునిగి, శిఖరాలు మాత్రం బయట పెట్టింది. చిన్న దిబ్బలూ రాళ్ళూ కలిపి ప్రభుత్వం లెక్క 836. మనుషులుండేవి ముప్ఫై పైచిలుకు. మిగతావన్నీ అడవి, తీరాన మడ చెట్లు, మడల్లో ఉప్పునీటి మొసళ్ళు. వానాకాలమంతా నైరుతి గాలి ఈ సముద్రాన్ని కలియబెడుతుంది. నవంబరు నుంచి గాలి ఈశాన్యానికి తిరుగుతుంది, సముద్రం సాధువవుతుంది. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి కొన్ని పొద్దుల్లో నూనె పోసినట్టుంటుందట. పడవ మీద తిరిగేవాళ్ళ కాలం ఇదే. అయినా బంగాళాఖాతాన్ని నమ్మడానికి లేదు. 2016 డిసెంబరులో వర్దా తుపాను తయారవుతున్నప్పుడు హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యికి పైగా యాత్రికులు ఇరుక్కుపోయారు, నౌకాదళం వచ్చి తీసుకురావలసి వచ్చింది.

ఈ కాలంలోనే థాయిలాండ్‌లోని ఫుకెట్ వైపు నుంచి తెరచాప నావలు వస్తాయి, సొంత నావలు. భార్యాభర్తలిద్దరే ఇల్లూ వాకిలీ అమ్ముకుని నావలో కాపురం పెట్టి, గాలిని బట్టి దేశాలు తిరిగే రకం. గాలి పక్కనుంచి వస్తే మూడు నాలుగు రోజుల్లో పోర్ట్ బ్లెయిర్ చేరతారు. చేరగానే తిరగడం మొదలుపెట్టడానికి లేదు. కస్టమ్స్, ఇమిగ్రేషన్, కోస్ట్ గార్డ్ వచ్చి చూడాలి. ఏ రోజు ఏ దీవి దగ్గర లంగరు వేస్తారో ముందే రాసివ్వాలి. తర్వాత రోజూ రేడియోలో ఎక్కడున్నారో చెప్పాలి. శాటిలైట్ ఫోను ఉంటే అదో తంటా, మన దేశంలో అనుమతి లేకుండా వాడకూడదు. ఇది మిలిటరీ సముద్రం కాబట్టి ఆ జాగ్రత్త అర్థమవుతుంది. కానీ ఈ కాగితాల జాతర భరించలేక అటునుంచి అటే శ్రీలంక పోయేవాళ్ళూ ఉంటారంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. పహాణీ నకలు కోసం తిరిగిన వాడిని.

నావల సంగతుల్లో నన్ను పట్టుకున్నవి రెండు. ఒకటి నీళ్ళు. పెద్ద యాట్‌లో ఉప్పునీటిని గట్టిగా ఒత్తి జల్లెడ లాంటి పొర గుండా తోసి మంచినీళ్ళు చేసే యంత్రం ఉంటుంది. మన ఊళ్ళలో ఫ్లోరైడ్ నీళ్ళకు పెట్టిన ప్లాంటు పనే, కాకపోతే ఒత్తిడి ఎన్నో రెట్లు. గంటకు వచ్చే బకెట్లు లెక్కబెట్టుకుని స్నానాలు చేస్తారు. రెండోది, రంగు చూసి లోతు చెప్పడం. పగడపు దిబ్బల మధ్యకు నావ తీసుకుపోవాలంటే పొద్దు నడినెత్తికి దగ్గరగా ఉండి, వెలుగు వెనకనుంచి పడాలి. అప్పుడు ముదురు నీలం లోతు, పచ్చ కలిసిన లేత నీలం కింద ఇసుక, గోధుమ రంగు మచ్చ పగడం. లంగరు ఇసుకలోనే వేయాలి. పగడం మీద పడితే వందేళ్ళు పెరిగిన కొమ్మ గొలుసు దెబ్బకు పొడి అవుతుంది. ఇది విన్నప్పుడు సముద్రం నాకు మొదటిసారి కొంచెం అర్థమైంది. మా దగ్గరా అంతే కదా. ఎర్ర చెలక ఏది, నల్లరేగడి ఏది, చౌడు ఏది అని రంగుతోనే చెబుతాం, చౌడు దగ్గర నాగలి ఎత్తి పట్టుకుంటాం.

నేను తిరిగింది యాట్‌లో కాదు, డుంగీలో. డుంగీ అంటే అండమాన్‌లో చిన్న చెక్క పడవ, వెనక డీజిల్ ఇంజను, నడిపేవాడికో చిన్న నీడ. ఒక్క దుంగను తొలిచి చేసేవి కూడా ఉన్నాయి. ఉత్తరాన మాయాబందర్ దగ్గర, 1925లో బర్మా నుంచి తెచ్చి కాపురం పెట్టించిన కరెన్‌లు ఆ పనిలో ఘనులు. మా డుంగీ ఆసామి పెద్దాయన, శ్రీకాకుళం జిల్లా మత్స్యకార కుటుంబం. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు నూటికి పదముగ్గురు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత స్థానం మనదే. 1950ల్లో సర్కారు కొన్ని చేపల కుటుంబాలను తెచ్చి నిలిపింది, ఆ తర్వాత చుట్టం వెనక చుట్టం వచ్చారు. విశాఖ నుంచి ఓడ ఉంది, సముద్రం మీద రెండు రోజులు దాటి ప్రయాణం. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ రేవులో తెల్లవారుజామున నిలబడితే భీమిలి రేవులో ఉన్నట్టే ఉంటుంది. వంజరం ధర మీద తగాదా, కానాగంతల తట్టల చుట్టూ కాకులు, బూతులు కూడా ఉత్తరాంధ్రవే. 2023లో పోర్ట్ బ్లెయిర్ మున్సిపల్ చైర్‌పర్సన్ పదవి తెలుగుదేశానికి దక్కిందంటే ఊరికే దక్కలేదు.

"ఏ వూరు బాబూ?" అన్నాడు పెద్దాయన.

"ఆలూరు."

"కర్నూలు ఆలూరా?"

ఆలూరు అంటే అందరికీ కర్నూలే. "కాదు, చేవెళ్ళ ఆలూరు. పట్నానికి పడమర దిక్కు."

"సముద్రం దగ్గరేనా?"

మూడు వందల కిలోమీటర్లకు పైనే అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూసి ఇంజను తిప్పాడు.

పోర్ట్ బ్లెయిర్‌కు తూర్పున ఉన్న దీవుల గుంపు పేరు రిచీ ద్వీపసమూహం. అక్కడ పడవ మీద పోతుంటే పేర్లు వింటూ ఉండాలి: హేవ్‌లాక్, నీల్, ఔట్రమ్, జాన్ లారెన్స్, హెన్రీ లారెన్స్, నికల్సన్, పీల్, విల్సన్. 1857 తిరుగుబాటును అణచిన ఇంగ్లీషు దొరల హాజరుపట్టీ ఇది. ఆ మరుసటి ఏడాదే ఇక్కడ ఖైదీల కాలనీ తెరిచారు, జైలుకు తెచ్చిందెవరినో దీవులకు పేర్లు పెట్టిందెవరివో దీంట్లోనే ఉంది. మా పట్నం మనిషీ ఒకాయన ఇక్కడికి వచ్చాడు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి కోఠీ రెసిడెన్సీ మీద దాడి నడిపిన మౌల్వీ అల్లావుద్దీన్. దొరికాక అండమాన్‌కు పంపారు, మళ్ళీ హైదరాబాద్ చూడలేదు, ఇక్కడే పోయాడు. మన్యం పితూరీలో అల్లూరి వెంట నడిచిన గాం మల్లుదొర ఇక్కడి జైలు నుంచి తిరిగి వెళ్ళి 1952లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. కాకినాడ బాంబు కేసు భయంకరాచారి కూడా ఈ సముద్రం దాటినవాడే. 2018 డిసెంబరులో హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీపమనీ, నీల్‌ను షహీద్ ద్వీపమనీ మార్చారు. బాగానే ఉంది. ఔట్రమ్, నికల్సన్‌లు మాత్రం ఇంకా హాయిగా ఎండ కాగుతున్నారు.

ఈ దీవుల్లో చాలా వాటి చుట్టూ సముద్రం రాణీ ఝాన్సీ నేషనల్ పార్కు కిందికి వస్తుంది, అటవీ శాఖ అనుమతి లేకుండా దిగడానికి లేదు. దక్షిణాన వండూరు దగ్గర 1983లో పెట్టిన మహాత్మాగాంధీ మెరైన్ పార్కులో ఇంకో పద్ధతి. జాలీ బాయ్ దీవిని చలికాలంలో తెరుస్తారు, వానాకాలంలో మూసి రెడ్‌స్కిన్ దీవి తెరుస్తారు, అంటే చేను బీడు పెట్టినట్టు. పడవెక్కేముందు ప్లాస్టిక్ సంచులన్నీ తీసేస్తారు. నాకు నచ్చిన నిబంధన ఇదొక్కటే. ఇక ఉత్తర సెంటినెల్ దీవి చుట్టూ అయిదు నాటికల్ మైళ్ళలోపు ఎవరి పడవా పోకూడదు. అక్కడివాళ్ళకు మనం అక్కర్లేదు, ఆ మాట బాణాలతో చెప్పారు. దాని గురించి కథలు అడిగితే పెద్దాయన వినబడనట్టు ఊరుకున్నాడు.

ఈశాన్యాన దూరంగా బారెన్ దీవి ఉంది, దక్షిణాసియాలో నిప్పు కక్కుతున్న ఒకే ఒక్క అగ్నిపర్వతం. 1787లో మండినట్టు నమోదైంది, తర్వాత చాలాకాలం నిద్రపోయి 1991లో లేచింది, అప్పటినుంచి అడపాదడపా మండుతూనే ఉంది. దిగనివ్వరు, పడవ మీదినుంచే చూడాలి. అది మన డుంగీకి పని కాదు. కానీ అక్కడ మేకలున్నాయి! పంతొమ్మిదో శతాబ్దం చివర ఓడవాళ్ళు వదిలిపెట్టిన మేకలు, ఒక మూల ఊట నీరు తాగుతూ బూడిద పక్కనే పిల్లలు పెట్టి బతికేశాయి. మా ఊరి గొల్లలకు చెబితే వాళ్ళలో ఎవరైనా బేరానికి బయల్దేరతారు.

నీళ్ళ గురించి మొదలుపెట్టాను కదా. అండమాన్‌లో ఏడాదికి మూడు మీటర్ల వాన పడుతుంది, మా చేవెళ్ళ దిక్కు పడేదానికి మూడింతలకు పైన. అయినా ఎండాకాలం వస్తే పోర్ట్ బ్లెయిర్‌లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, కొన్నేళ్ళు అంతకన్నా ఆలస్యం. ఊరంతటికీ ముఖ్యమైన ఆధారం ధనిఖారి డ్యాము ఒక్కటే. వాలు నేల మీద పడ్డ వాన పడ్డట్టే సముద్రంలోకి పోతుంది. జంగ్లీఘాట్‌లో ఇంటిముందు నీలం డ్రమ్ముల వరస చూసి నాకు ఇంటికి వచ్చినట్టే అనిపించింది. 2004 డిసెంబరు 26 భూకంపానికి పోర్ట్ బ్లెయిర్ దగ్గర నేల మీటరు దాకా కుంగింది, సిప్పిఘాట్‌లో వరిమళ్ళ మీదికి సముద్రం వచ్చి అక్కడే ఉండిపోయింది. గట్లు ఇంకా అక్కడక్కడ తేలుతుంటాయి. యాత్రికులు ఆ నీళ్ళలో కొంగల ఫొటోలు తీసుకుంటారు. నేను గట్లే చూశాను. ఎవరిదో పట్టా భూమి అది.

చివరి రోజు మధ్యాహ్నం పెద్దాయన ఇంజను ఆపాడు. పాటు మొదలైంది, నీరు తీస్తోంది, దిబ్బ మీదుగా పోవడానికి లేదు, పోటు వచ్చేదాకా ఆగాలి. గాలం వేసి కూర్చున్నాడు. కిందికి చూస్తే పగడాల మధ్య చిలక చేపలు కొరుకుతున్న చప్పుడు కూడా వినబడుతుందేమో అనిపించేంత తేట. ఇక్కడెంత లోతని అడిగాను. ఇరవై అడుగులు అన్నాడు. కాసేపటికి ఆయన అడిగాడు.

"మీ వూళ్ళో మీరు ఎంత లోతు దిగుతారు బాబూ?"

"బోరు అయితే ఎనిమిది వందల అడుగులు. ఒక్కొక్కరు వెయ్యి."

గాలం దారం వేలి మీద అలాగే పట్టుకుని నా వైపు తిరిగాడు. "అంత లోతుకెల్లి ఏటి పడతారు?"

"నీళ్ళు."

ఆయన చుట్టూ ఉన్న సముద్రం వైపు ఒకసారి చూసి, డబ్బాలోని తాగేనీళ్ళు కొంచెం వంచి నా చేతికిచ్చాడు.