తాండూరు నీళ్లు తాకే దీవి

ఆయనది తాండూరు. నలభై ఏళ్లు నాపరాయితోనే బతుకు. బండను వేలి కణుపుతో తట్టి, ఆ చప్పుడును బట్టే లోపల పగులుందో లేదో చెప్పేస్తాడు. దసరా సెలవుల్లో వికారాబాద్‌లోని కూతురింటికి వెళ్లి, మనవరాలిని వెంటబెట్టుకుని నాగార్జునసాగర్ బయల్దేరాడు.

విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కారు. చుట్టూ నీళ్లే. చాలాసేపటికి నీళ్ల మధ్య నుంచి ఒక కొండ పైకి తేలినట్టు కనిపించింది. అదే నాగార్జునకొండ.

నిజానికి అది దీవి కాదు. లోయలోని కొండ. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది. రాజు శాంతమూలుని తోబుట్టువు శాంతిశ్రీ అక్కడ మహాచైత్యం కట్టించింది. సింహళ భిక్షువుల కోసం ప్రత్యేకంగా ఒక విహారమే ఉండేది. తర్వాత అదంతా మట్టిలో కలిసిపోయింది. 1926లో రంగస్వామి సరస్వతి గుర్తించేదాకా లోకానికి తెలియలేదు.

తెలిసి ముప్ఫై ఏళ్లు తిరగకుండానే ఆనకట్ట వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. నీళ్లు వచ్చేలోగా వీలైనంత తవ్వాలని ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా రేయింబవళ్లు శ్రమించింది. వందకు పైగా చోట్ల తవ్వారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విప్పి, కొండమీద మళ్లీ కట్టారు. కొన్నింటికి నమూనాలు చేశారు. మిగిలినవి నీళ్ల కిందే ఉండిపోయాయి.

లోయలో రాజప్రాసాదం ఉన్నచోట ఒక స్తంభం దొరికింది. దాని మీద కొమ్ము పాత్ర పట్టుకున్న గడ్డపు మనిషి బొమ్మ ఉంది. గ్రీకుల మద్యదేవుడు డయోనిసస్ అని పండితులు పోల్చారు. ఆ గ్రీకుల దేశంలోనూ ఇలాంటి దీవే ఒకటుంది. పేరు డెలోస్. అపోలో పుట్టిన చోటని నమ్మకం. క్రీ.పూ. 426లో ఏథెన్స్ వాళ్లు అక్కడి సమాధులను పక్క దీవికి తరలించి, ఇకమీదట ఈ నేల మీద ఎవరూ పుట్టకూడదు, చావకూడదని కట్టడి చేశారు. తర్వాత అది పెద్ద వ్యాపార నగరమైంది. క్రీ.పూ. 88లో దాడి జరిగి, క్రమంగా పాడుబడింది. ఇప్పుడు పడవల్లో వచ్చిన సందర్శకులు సాయంత్రానికల్లా వెళ్లిపోవాల్సిందే.

డెలోస్‌ను యుద్ధం ఖాళీ చేసింది. మన లోయను ఖాళీ చేసింది మన అన్నం. ఎడమ కాలువ, కుడి కాలువ కింద పండిన వరి ఎన్ని ఇళ్లలో ఉడికిందో లెక్కలేదు. ఆ మెతుకుల వెనక ఊళ్లు వదిలి వెళ్లినవాళ్లున్నారు.

మ్యూజియంలో లేతాకుపచ్చ సున్నపురాతి శిల్పాల ముందు పెద్దాయన చాలాసేపు నిలబడ్డాడు. నాపరాయీ సున్నపురాయే. చుట్టం కనబడ్డట్టుంది ఆయనకు.

బయటికొచ్చాక మనవరాలు అడిగింది.

"తాతా, ఈడ ఎవ్వరూ ఉండరా?"

"కొండ కింద ఉండెటోళ్లు బిడ్డా. నీళ్లొచ్చినయ్, పోయిండ్రు."

"ఈ నీళ్లు ఏడికెంచి వచ్చినయ్?"

పెద్దాయన చెప్పాడు. అనంతగిరి కొండల్లో పుట్టిన కాగ్నా తాండూరు మీదుగా పారి కర్ణాటకలో భీమాలో కలుస్తుంది. భీమా కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణే ఇక్కడికొస్తుంది. అవే కొండల్లో పుట్టిన మూసీ మాత్రం ఆనకట్ట దాటాక, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

"అంటే ఇండ్ల మన నీళ్లు సుత ఉన్నయా?"

ఆయన తలూపాడు. ఇన్నాళ్లూ ఇది ఎవరిదో ఊరి కథ అనుకున్నాడు. తాండూరు చుట్టుపక్కల బండలు తీసి వదిలేసిన గుంతలు, వాటిలో నిలిచే వాననీళ్లు, ఒకప్పుడు అక్కడున్న చేలు గుర్తొచ్చాయి.

తిరుగు లాంచీ కూత పెట్టింది. దిగేముందు ఆయన వంగి, కొండమీద మళ్లీ పేర్చిన ఒక రాయిని కణుపుతో తట్టాడు. ఖంగుమంది. పగులు లేదు.

"రాళ్లను పైలంగ తెచ్చి పెట్టిండ్రు," అన్నాడు. "ఆ మనుషులు ఏడున్నరో!"

లాంచీ కదిలింది. మనవరాలు అంచున కూర్చుని, చేయి చాచి నీళ్లను తాకింది.