కిటికీకీ ఓ కనురెప్ప!

మధ్యాహ్నం మూడు గంటలు. స్పెయిన్ దేశంలోని సెవిల్లా నగరం. జులై ఎండ నిప్పులు కురిపిస్తోంది. గ్వాదల్‌క్వివిర్ నది ఒడ్డునున్న త్రియానా పేటలో వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నరసంచారం లేదు. తలెత్తి చూస్తే రెండు వైపులా అపార్ట్‌మెంట్లు, వాటి నిండా కిటికీలు. అన్నీ మూసే ఉన్నాయి. మూసింది గాజు తలుపులు కాదు. వాటికి బయట, పైనుంచి కింది దాకా దింపిన పలకల తెరలు! ఊళ్లోవాళ్లంతా ఇళ్లకు తాళాలేసి ఎటో వెళ్లిపోయారేమో అనిపిస్తుంది కొత్తవారికి. నిజానికి అందరూ లోపలే ఉన్నారు. భోజనం ముగించి, చీకటి గదుల్లో కునుకు తీస్తున్నారు.

ఆ తెర పేరు పెర్సియానా. పర్షియా దేశం పేరు మీదుగా వచ్చిన మాట. మనకు షట్టర్ అంటే కొట్టుకో గోడౌనుకో ఉండేదే. స్పెయిన్‌లో పడగ్గదికీ ఉంటుంది, వంటింటికీ ఉంటుంది. వ్యాపారం మానేసినవారి గురించి మనం ‘షట్టర్ మూసేశాడు’ అంటామా, వాళ్లూ ‘పెర్సియానా దించేశాడు’ అనే అంటారు. మాట ఒకటే. కాకపోతే అక్కడ ఎండాకాలం వస్తే ప్రతి ఇల్లూ రోజూ షట్టర్ దించాల్సిందే!

రెంటచింతలకు తోబుట్టువు

ఎండల మాటొస్తే మనకు రెంటచింతల గుర్తొస్తుంది. స్పెయిన్ వాళ్లకు సెవిల్లా, దాని పొరుగునున్న కార్డోబా. 2021 ఆగస్టు 14న కార్డోబా ప్రాంతంలోని లా రాంబ్లాలో 47.6 డిగ్రీలు నమోదైంది. తుపాన్లకు పేర్లు పెట్టినట్టు వడగాల్పులకూ పేర్లు పెట్టడం మొదలుపెట్టింది సెవిల్లానే. 2022 జులైలో వచ్చిన వడగాలికి ‘జోయీ’ అని పేరు పెట్టారు.

అక్కడ మరో చిత్రం... వేసవిలో రాత్రి పదింటికి గానీ చీకటి పడదు. సాయంత్రం అయిదున్నా ఆరున్నా ఎండ తీవ్రత తగ్గదు. సియర్పెస్ లాంటి అంగళ్ల వీధుల్లో మేడ నుంచి మేడకు గుడ్డ పందిళ్లు కడతారు. ఇళ్లకేమో పెర్సియానాలు. ఆ ఇల్లాళ్ల దినచర్య చూస్తే మన అమ్మమ్మలే గుర్తొస్తారు. పొద్దున్నే కిటికీలన్నీ బార్లా తెరుస్తారు. చల్లగాలి ఇల్లంతా తిరిగాక, ఎండ ముదరకముందే గాజు తలుపులు మూసి, పెర్సియానా దించేస్తారు. రాత్రి పొద్దుపోయాక మళ్లీ ఎత్తుతారు. మన పాత ఇళ్లలో వసారాకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లినా, గుమ్మానికి వెదురు చాప వేలాడదీసినా సూత్రం అదే: ఎండను ఇంట్లోకి రాకముందే ఆపడం.

లోపల కర్టెన్ వేసుకుంటే చాలదా? చాలదు. గాజును దాటిన ఎండ కర్టెన్‌ని వేడెక్కిస్తుంది. ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది. అదే అడ్డు బయట ఉంటే వేడి బయటే మిగులుతుంది. పడమటి కిటికీకి బయట గుడ్డ పందిరి వేస్తే వేసవిలో ఎండ వల్ల లోపలికొచ్చే వేడి 77 శాతం దాకా తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. దక్షిణపు కిటికీకైతే 65 శాతం దాకా.

చెక్క నుంచి మోటారు దాకా

పెర్సియానాల్లో పాతకాలపు రకం అలికాంటె ప్రాంతం పేరు మీద చలామణీ అవుతోంది. సన్నటి చెక్క పలకల్ని తీగ కొక్కేలతో ఒకదానికొకటి తగిలిస్తారు. దాన్ని బాల్కనీ కమ్మీ మీదుగా బయటికి వేలాడేస్తారు. ఎండ ఆగిపోతుంది, పక్కల నుంచి గాలి ఆడుతుంది. తాడు లాగితే చాపలా చుట్టుకుపోతుంది. ఆ ప్రాంతంలోని సాక్స్ అనే చిన్న పట్టణానికి పెర్సియానాల తయారీయే గుర్తింపు తెచ్చింది.

అపార్ట్‌మెంట్లలో కనిపించేది కొత్త రకం. కిటికీ పైన పెట్టె, అందులో ఓ గొట్టం. పలకల తెర దానికి చుట్టుకుంటుంది. లోపల గోడ పక్కన వేలాడే పట్టీని లాగితే పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. పూర్తిగా దించకుండా కాస్త ఆపితే పలకల మధ్య చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా గదిలో పడుతుంది. అక్కడ పుట్టి పెరిగినవారికి మధ్యాహ్నపు నిద్ర అంటే గోడ మీద ఆ చుక్కలే!

కొత్తగా వేయించుకోవాలంటే మాత్రం ఇంట్లో పెద్ద చర్చే నడుస్తుంది. పీవీసీ పలకలు చవక. చిన్న కిటికీలకు సరిపోతాయి. వెడల్పు పెరిగితే వంగుతాయి, మండే ఎండకు ఆకారం చెడే ప్రమాదమూ ఉంది. నురుగు నింపిన అల్యూమినియం పలకలు ధర ఎక్కువైనా గట్టివి. ముదురు రంగు చూడ్డానికి బాగున్నా ఎండకు తొందరగా కాలుతుంది, లేత రంగే మేలు. పైనున్న పెట్టెకు సందులుంటే మాత్రం పలకలు ఎంత మంచివైనా వృథా. వేసవిలో వేడీ, శీతాకాలంలో చలీ ఆ సందుల్లోంచే ఇంట్లోకి దూరతాయి. అందుకే తెలిసినవాళ్లు పలకల కన్నా ముందు పెట్టె గురించి అడుగుతారు.

ఇంకో చిక్కూ ఉంది. అపార్ట్‌మెంటు ముందు భాగం అందరిదీ. 1960 నాటి చట్టం ప్రకారం ఎవరికి వారు దాని రూపు మార్చడానికి వీల్లేదు. రంగు మార్చాలన్నా ఇరుగుపొరుగు సంఘం ఒప్పుకోవాలి.

పట్టీయా, మీటా?

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న చేత్తో లాగే పట్టీయా, మోటారా అన్నది. కుర్రవాళ్లకు అది సౌకర్యం లెక్క. ఒంటరిగా ఉండే ఎనభై ఏళ్ల పెద్దావిడకు ప్రాణం లెక్క. బరువైన తెరను రోజుకు రెండుసార్లు ఎత్తి దించడానికి కీళ్లనొప్పులున్న చేతులకు బలం చాలదు. చాలక, ఎత్తినదాన్ని ఎత్తినట్టే వదిలేస్తే గది కొలిమి అవుతుంది. 2022 వేసవిలో ఐరోపాలో ఎండ వేడికి 61 వేల మందికి పైగా చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. వృద్ధులే ఎక్కువ. ఇంటింటా పెర్సియానాలున్న స్పెయిన్‌లోనూ 11 వేల మందికి పైగా పోయారు. అంటే తెర ఉంటే చాలదు, దాన్ని దించే చెయ్యి కూడా ఉండాలి.

మరి మోటారు పెట్టిస్తే? మీట నొక్కితే చాలు. కానీ 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో ఒక్కసారిగా కరెంటు పోయింది. చాలాచోట్ల గంటల తరబడి రాలేదు. అలాంటి రోజున ఉత్త మోటారు మీదే ఆధారపడిన తెర ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది. అందుకే మోటారుతో పాటు చేత్తో తిప్పే పిడి కూడా ఉన్నది ఎంచుకోవడం క్షేమం. అగ్నిప్రమాదం జరిగితే బయటపడాల్సిన దారికి ఇది మరీ ముఖ్యం.

మనకు పనికొస్తుందా?

హైదరాబాద్, విజయవాడల్లో కొత్త ఫ్లాట్లకు గాజు కిటికీలు పెద్దవవుతున్నాయి. నడినెత్తి ఎండను సన్‌షేడ్ ఆపుతుంది. సాయంత్రం ఏటవాలుగా వచ్చే పడమటి ఎండను ఆపలేదు. కాబట్టి అన్ని కిటికీలకూ అక్కర్లేదు, పడమటి పడగ్గదితో మొదలుపెడితే చాలు. బయట గ్రిల్ ఉంటే పలకలు జారే పట్టాలకు చోటుందో లేదో ముందే చూసుకోవాలి. సముద్రతీరంలోనైతే మరో జాగ్రత్త. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖలో ఎన్ని అద్దాలు పగలగొట్టిందో చూశాం. అక్కడ గాలి ఒత్తిడిని తట్టుకునే పలకలూ, లోతైన పట్టాలూ ఉన్న రకమే తీసుకోవాలి. ఇంత ఖర్చు వద్దనుకుంటే బయటివైపు వెదురు తడిక కట్టినా చాలావరకు అదే పని చేస్తుంది.

మళ్లీ సెవిల్లాకు వస్తే... తెల్లారింది. వీధిలో కర్రుకర్రుమని చప్పుళ్లు. ఒక్కొక్క పెర్సియానా లేస్తోంది. ఎవరు లేచారో, ఎవరు ఇంకా లేవలేదో ఎదురింటివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. పదయినా మూడో అంతస్తులోని పెద్దావిడ కిటికీ తెరుచుకోలేదనుకోండి. ఎదురింటామె కాసేపు చూస్తుంది. తర్వాత కాఫీ గ్లాసు పక్కన పెట్టి, చెప్పులేసుకుని, వీధి దాటి వెళ్లి బెల్లు కొడుతుంది.